హోతెప్‌కు కర్త ఎవరు

మాణిక్యాంబ గారిని సందేహం అడిగినవాళ్లెవరూ ఆ పూటకు జవాబుతో ఇంటికి వెళ్లలేదు. కర్నూలులో, తుంగభద్రకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో, తన ఇంటి వసారాలోనే ఆవిడ ప్రాచీన ఈజిప్టు లిపి నేర్పేవారు. ఆ చదువు ఎందుకు పనికొస్తుందని ఊళ్లో అడగనివాళ్లు లేరు. వాళ్లకూ జవాబు దొరకలేదు. ఉన్న కొద్దిమంది శిష్యుల్లో విరూపాక్షి చురుకైనవాడే కానీ కాలు నిలవని మనిషి. పాఠం కూడా వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే అప్పజెప్పేవాడు.

ఒకరోజు పాఠంలో హోతెప్ అనే మాట వచ్చింది. హ, త, ప అని హల్లులే రాస్తారు, అచ్చులు మనం ఊహించుకోవలసిందే. పరిచిన చాప మీద ఒక రొట్టె, అదీ దాని గుర్తు. ఆ ఒక్క ధాతువుకే తృప్తి పడటం, విశ్రమించటం, సూర్యుడు అస్తమించటం అని అర్థాలు. దేవుళ్లకూ పోయినవాళ్లకూ పెట్టే నైవేద్యమన్నా అదే. ముందు స చేరిస్తే మాత్రం తృప్తి పరచటం.

"ఇది కుదరదమ్మా" అన్నాడు విరూపాక్షి. "పడటం వేరు, పరచటం వేరు. నైవేద్యానికి స లేదు, అంటే తృప్తి పడటమే. మరి పడేదెవరు? తిన్నవాడా, పెట్టినవాడా? దీనికి కర్త ఎవరు?"

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "చూద్దాంలే" అన్నారు.

విరూపాక్షికి చూద్దాంలే అంటే ఒళ్లు మండుతుంది. ఇంటికి పోయి పుస్తకాలన్నీ ముందేసుకున్నాడు. లోపలి గదిలో మేనమామ జంబులయ్య జ్వరంతో పడుకుని ఉన్నాడు. తల్లి లేని విరూపాక్షిని పెంచి పెద్ద చేసింది ఆయనే.

"ఒరే, రవ్వంతసేపు నా దగ్గర కూచోరా" అని పిలిచాడు.

"ఈ పేజీ అయిపోనీ మామా, వస్తాండా" అన్నాడు వీడు. ఆ పేజీ అయింది, దాని వెనక ఇంకొకటి. తీరా లోపలికి వెళ్లేసరికి మామ లేడు.

ఆ రోజు నుంచి విరూపాక్షి ఎక్కడా కూర్చోలేదు. పలకరించటానికి వచ్చినవాళ్లతో నిలబడే మాట్లాడాడు, అన్నం నిలబడే కతికాడు. కూర్చోబోతే చాలు, ఆ పిలుపు చెవిలో పడేది.

జంబులయ్యకు పిల్లలు లేరు. కర్మ చేయవలసినవాడు మేనల్లుడే. పదోరోజున నది ఒడ్డున బండల మీద విస్తరి పరిచి పిండాలు పెట్టారు. పక్కనే మామకు ప్రాణమైన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఇక కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తి పడ్డట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అంతదాకా బంధువులెవరికీ భోజనం లేదు.

తుమ్మచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

విరూపాక్షి విస్తరి చుట్టూ తిరిగాడు. బండ దిగి నీళ్ల దాకా పోయాడు, మళ్లీ వచ్చాడు. బజ్జీలు ఇటు జరిపాడు, అటు జరిపాడు. కావు కావుమని గొంతు పోయేలా పిలిచాడు. పొద్దు నడినెత్తి నుంచి పడమటికి జారింది.

"ఏమి మనసులో పెట్టుకోని పోయినాడో!" అంది తిమ్మక్క, జంబులయ్య చెల్లెలు. "ఆయనకు చుట్ట కావల్లేమో, చూడు నాయనా." చుట్ట పెట్టారు. కాకులు దాన్నీ చూశాయి.

పురోహితుడికి ఆకలి కరకరలాడుతోంది. "దర్భతో కాకిని చేసి ముట్టిద్దాం. దానికీ ఒప్పుదల ఉంది" అన్నాడు.

"గడ్డి కాకి నాకొద్దు!" అని విరూపాక్షి అరిచాడు. "మామ తృప్తి పడినాడో లేదో నాకు తెలియాల. తెలియకుంటే నేను బతకలేను!"

అరిచినవాడు అరిచినట్టే మళ్లీ నడక మొదలుపెట్టాడు. అప్పటిదాకా కొంచెం దూరంగా గొడుగు కింద కూర్చున్న మాణిక్యాంబ గారు లేచి వచ్చారు.

"నువ్విట్ల తిరుగుతా ఉంటే అది యాడ వాలుతుందిరా? రవ్వంతసేపు కూచో."

విరూపాక్షి ఉన్నచోటనే ఆగిపోయాడు. ఆవిడకు తెలిసి అన్నారో తెలియక అన్నారో కానీ, అవి అచ్చంగా మామ మాటలే. విస్తరికి కాస్త ఎడంగా బండ మీద కూలబడి, మామా మామా అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు. ఏడ్చి ఏడ్చి అలిసి, వెనకనున్న రాయికి వాలి, ఊరికే విస్తరి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లకు వాడి కాళ్లు కదలటం మానాయి.

నది అవతల పొద్దు వాలుతోంది. తుమ్మకొమ్మ ఒకటి ఊగింది. ముసలి కాకి ఒకటి దిగి, వాడి వైపు ఒకసారి తల వంచి చూసి, ఉగ్గానిలో ముక్కు పెట్టింది.

"ముట్టింది! ముట్టింది!" అని తిమ్మక్క కేక వేసింది. బంధువులు కొంగులు దులుపుకుంటూ లేచారు, పురోహితుడు అందరికంటే ముందు లేచాడు. విరూపాక్షి మాత్రం లేవలేదు.

మాణిక్యాంబ గారు వాడి పక్కన కూర్చున్నారు.

"అమ్మా, మామ తృప్తి పడినట్టేనా?" అని అడిగాడు వాడు మెల్లగా.

"ఈజిప్టు సంగతి రేపు. మన వాలు అనే ధాతువు తీసుకో. ఇప్పుడిక్కడ ఎవరెవరు వాలినారో చెప్పు."

"కాకి వాలింది" అన్నాడు. నది అవతలికి చూసి, "పొద్దు వాలింది."

"ఇంకొకరిని వదిలేసినావు" అన్నారు మాణిక్యాంబ గారు, వాడి వీపు వెనకనున్న రాయిని తడుతూ.