పేరు పక్కన చుక్క

ఇమ్మానియేలు మాస్టారు దిద్దిన కాంపోజిషన్ పుస్తకం చేతికొచ్చినప్పటి నుంచీ సత్యవేణికి మనసు మనసులో లేదు.

ఐదు పేజీల ఇంగ్లీషు వ్యాసం. ఎక్కడా కొట్టివేత లేదు, తప్పు లేదు. చిట్టచివర, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న తన పేరు పక్కన మాత్రం ఒక పెన్సిల్ చుక్క. ఆవగింజంత చుక్క.

బీఏ రెండో ఏడాది క్లాసులో ఆ చుక్కల సంగతి తెలియనివాళ్లు లేరు. మాస్టారు ఎర్ర సిరా వాడరు. మార్కులు వెయ్యరు. చదువుకుంటూ పోతూ, ఏ వాక్యం దగ్గర ఆయనకి నమ్మకం కుదరదో దాని పక్కన పెన్సిల్‌తో చుక్క పెడతారు. ఎందుకు పెట్టారండీ అంటే చెప్పరు. "నువ్వే చూడు" అంటారు. ముప్ఫై ఏళ్లుగా ఆ కాలేజీలో ఇంగ్లీషు చదవడమంటే ఆ చుక్కలతో తగువులాడటమే.

వాక్యం పక్కన చుక్క అంటే సరే. పేరు పక్కన చుక్కేమిటి?

"పెన్సిల్ జారుంటుందిలే. పెద్దాయన చెయ్యి కదా" అంది పక్కన కూర్చునే జరీనా.

"ఆయన పెన్సిల్ జారదు."

"అయితే నీ పేరు నచ్చలేదేమో. మార్చుకో. ఎలిజబెత్ అని పెట్టుకో, నీ వ్యాసానికి సరిగ్గా సరిపోద్ది."

జరీనా నవ్వింది. సత్యవేణికి నవ్వు రాలేదు.

శనివారం కాలేజీ వార్షికోత్సవం. ఏటా ఇంగ్లీషు క్లాసు పిల్లల వ్యాసాల్లో ఒకదాన్ని ఏరి స్టేజీ మీద చదివిస్తారు. మాస్టారు కింద సంతకం పెడితేనే ఆ కాగితం స్టేజీ ఎక్కుతుంది. ఈసారి ఎక్కేది సత్యవేణిదే అని అందరికంటే ముందు వాళ్ల నాన్న వీర్రాజు తేల్చేశాడు. కడియం రోడ్డు మీద తన నర్సరీ ముందు ఆగిన ప్రతి మనిషికీ చెప్పాడు. మొక్కలు ఎక్కించుకుపోయే లారీ డ్రైవర్లకీ చెప్పాడు. ఆ రోజు వేసుకోవడానికి తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు.

సంతకం ఉండాల్సిన చోట చుక్క ఉంది.

వ్యాసం పేరు 'వసంతంలో ఒక తోట'. దాని కోసం సత్యవేణి రెండు నెలలు లైబ్రరీలో కలలు కంది. ఆ తోటలో మంచు కరుగుతుంది. ట్యూలిప్ పూలు నిద్ర లేస్తాయి. దూరంగా కాటేజీ పొగగొట్టంలోంచి పొగ లేస్తుంది. టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి తెల్లని వేళ్లతో పూలు కోసుకుంటుంది. ఎన్నిసార్లు చదువుకున్నా ఆ అమ్మాయి మీద సత్యవేణికి ప్రేమ తగ్గలేదు. ముఖ్యంగా ఆ తెల్లని వేళ్ల మీద.

తన వేళ్లు అలా ఉండవు. తెల్లవారుజామునే లేచి, కాలేజీ బస్సు వచ్చేదాకా నాన్నతో పాటు గులాబీలకి అంటు కడుతుంది. ఎంత తోమినా గోళ్ల సందుల్లో మట్టి పోదు. ఎడమ బొటనవేలి మీద చాకు గాట్లు. అందుకే కాలేజీలో అడుగు పెట్టగానే ఆ రెండు చేతులూ చున్నీ కిందకి వెళ్లిపోతాయి.

బుధవారం మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని, పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్లింది. మాస్టారు ఒక్కరే ఉన్నారు. కిటికీలో ఎప్పుడూ లేని మట్టి కుండీ ఒకటి ఉంది. అందులో మూరెడు కాడ, కాడ చివర గుప్పెడంత ఎర్ర గులాబీ.

"మాస్టారూ, నా పేరు..." అంటూ పుస్తకం బల్ల మీద పెట్టింది.

"రామ్మా, సమయానికి వచ్చావు. మొక్కల మనిషివి, నువ్వే చెప్పాలి. ఎలా ఉంది నా గులాబీ?"

సత్యవేణి కుండీ దగ్గరికెళ్లి వంగి చూసింది. రెండు వేళ్లతో కాడ పట్టుకుని కొంచెం పైకి లాగింది. చిలక్కొయ్య మీది చొక్కాలా సులువుగా చేతిలోకి వచ్చేసింది. కిందంతా నున్నగా, ఏటవాలుగా కోసి ఉంది.

పకపకా నవ్వేసింది. నవ్వాక నాలుక కరుచుకుంది.

"ఎవరు నాటారండీ ఇది?"

"నేనే."

"అయ్యో మాస్టారూ! ఇది బొకేలో పువ్వండీ. మట్టిలో గుచ్చారంతే."

"పువ్వు బాగుందిగా?"

"ఇవాళ బాగుంటుందండి."

"శనివారానికి?"

"శనివారానికి తల వాల్చేస్తుందండి."

మాస్టారు చేతిలోని పెన్సిల్‌తో బల్ల మీద మెల్లిగా రెండుసార్లు కొట్టారు. "మరి బతకాలంటే ఏం చెయ్యాలి?"

ఆ మాట ఆమెని అడగకూడదు. అడిగితే ఆపలేరు. సత్యవేణి చేతులు చున్నీ కిందనుంచి ఎప్పుడు బయటికొచ్చాయో ఆమెకే తెలియదు.

"ముందు నాటు మొక్క కావాలండి. దానికి పెద్ద అందం ఉండదు, ఎవరూ కొనరు. కానీ మన నేలలో మొండిగా బతుకుతుంది. దాని మొదట్లో, ఇదిగో ఇంత ఎత్తున, బెరడు మీద గాటు పెట్టాలి. లోతుగా తెగకూడదు. బెరడు కింద తడి తగులుతుంది చూశారా, అక్కడ ఆగిపోవాలి. అప్పుడు మనకి కావాల్సిన గులాబీ కొమ్మ మీంచి కన్ను, అదే చిగురు పుట్టే మొటిమ, బెరడుతో సహా లేపాలి. ఒక్క కన్ను చాలండి. అది ఆరిపోకముందే గాట్లోకి జార్చేసి కట్టెయ్యాలి. కన్ను మాత్రం బయటికి చూస్తూ ఉండాలి. మూడు వారాలు దాన్ని కదపకూడదు. మా నాన్నయితే దాని పక్కన గట్టిగా తుమ్మనివ్వడు!"

చెబుతున్నంతసేపూ చేతులు గాల్లో గాటు పెట్టాయి, కన్ను లేపాయి, కట్టు కట్టాయి. మాస్టారు ఆ చేతులనే చూశారు. అంతా అయ్యాక ఆయన పెన్సిల్‌ని మెల్లిగా జేబులో పెట్టేసుకున్నారు. కాంపోజిషన్ పుస్తకాన్ని ఆమె వైపు జరిపారు.

సత్యవేణి నవ్వు ఆగిపోయింది.

"మాస్టారూ... ఇదంతా మట్టి పనండీ. ఇంగ్లీషులో ఇవన్నీ ఎవరు రాస్తారండీ?"

"ఇంతవరకూ ఎవరూ రాయలేదమ్మా. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను" అన్నారాయన. "శుక్రవారం సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆయన మీద కోపం తెచ్చుకుంది. స్టేజీ మీద నిలబడి, పట్నం పిల్లలందరి ముందూ, నేను పొద్దున్నే మట్టి పిసుకుతానండీ అని చెప్పాలా? రెండేళ్లుగా దాచుకున్న చేతులు మైకు ముందు పెట్టాలా? ట్యూలిప్పుల తోట ఏం పాపం చేసింది?

నర్సరీలో వీర్రాజు గులాబీ మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ పళ్ల మధ్య పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. కూతురు కనబడగానే పట్టీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఏటే తల్లీ, అలాగున్నావు? మేష్టారు సంతకం పెట్టారా?"

"పెడతారులే నాన్నా."

"పెట్టకేం చేస్తారు? శనివారం పొద్దున్నే వచ్చేసి ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు చదివేది నాకో ముక్క అర్థమవదనుకో. అయినా నీ నోరు కదుల్తుంటే చూస్తా కూర్చుంటాను. అది చాలదేటి?"

ఆ మాటన్నాక పట్టీని మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుని పనిలో పడిపోయాడు.

సత్యవేణి ఆయన పక్కనే నిలబడిపోయింది. ఎండ వాలుతోంది. మడిలో అంటు కట్టిన మొక్కలు వరసలు వరసలుగా, మొదళ్లకి తెల్లని కట్లతో, బడిలో బుద్ధిగా నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. నాన్న బొటనవేలి మీద గాట్లు చూసింది. తన వేలి మీద కూడా సరిగ్గా అదే చోట. ఇన్నాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోనేలేదు.

బోర్లించిన కుండీ మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

మొదటి వాక్యానికే చిక్కుకుపోయింది. పొగగొట్టానికి ఇంగ్లీషు తెలుసు. కరిగే మంచుకి నాలుగు రకాల ఇంగ్లీషు తెలుసు. నాన్న పళ్ల మధ్య ఉన్న పట్టీకి ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న వస్తువు! సిగ్గేసింది. చివరికి 'మా నాన్న పళ్ల మధ్య పట్టుకునే సన్నని పట్టీ' అని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసింది. రాసి చూసుకుంటే ఒళ్లు జల్లుమంది. ఆ వాక్యంలో నాన్న కూర్చుని ఉన్నాడు.

గురువారం పొద్దున కొంత రాసింది. శుక్రవారం పొద్దున మిగతాది. ఒక్కోసారి మాట తోచకపోతే లేచి వెళ్లి ఒక అంటు కట్టి వచ్చేది. కట్టి వచ్చేసరికి మాట తోచేది.

శుక్రవారం సాయంత్రం స్టాఫ్ రూములో మాస్టారు చదువుతుంటే ఎదురుగా నిలబడింది. కిటికీలో కుండీ ఉంది. గులాబీ అప్పుడే తల వాల్చేసింది.

ఆయన పెన్సిల్ మూడు చోట్ల ఆగింది. మూడు చుక్కలు. సత్యవేణి అక్కడే బల్ల చివర కూర్చుని వాటిని చూసుకుంది. ఒకచోట 'స్వర్గంలాంటి' అని రాసి ఉంది, కొట్టేసింది. రెండోచోట వాక్యాన్నే తీసేసింది. మూడోదాని దగ్గర చాలాసేపు ఆలోచించి, "ఇది నిజమేనండీ" అంది.

"నిజమేనా?"

"నిజమేనండి. మా నాన్న నిజంగానే తుమ్మనివ్వడు."

మాస్టారు పెదవి చివర నవ్వుతూ రబ్బరుతో ఆ చుక్క చెరిపేశారు. పెన్సిల్ చివరి పేజీ కిందకి దిగింది. ఆమె పేరు దగ్గరికి వచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆగి, పెన్సిల్ పక్కన పెట్టి, పెన్ను తీసి సంతకం చేశారు.

శనివారం. షామియానా కింద వెయ్యి మంది. ముందు వరసలో వీర్రాజు, కరకరలాడే తెల్ల చొక్కాలో, భుజాలు విరుచుకుని. పక్కన ఇమ్మానియేలు మాస్టారు.

సత్యవేణి మైకు ముందుకొచ్చింది. మొదటి పేజీ కాగితాల మీంచి తలెత్తకుండా చదివింది. వెనక వరసల్లో ఎవరో మట్టి గురించీ పేడ గురించీ ఏదో జోకు వేశారు, నలుగురు నవ్వారు. గాటు పెట్టే చోటికి వచ్చేసరికి కాగితాలు బల్ల మీద పెట్టేసింది. ఇక వాటి అవసరం లేదు. ఆ మాటలు ఆమెకి కంఠతా వచ్చు, పదేళ్ల వయసు నుంచీ వచ్చు. ఇంగ్లీషులో చెప్పడమే ఇప్పుడు.

ఎప్పుడు లేచాయో ఏమో, రెండు చేతులూ లేచాయి. మైకు ముందు, అందరి ముందూ, గాల్లో బెరడు చీల్చాయి. కన్ను లేపాయి. వెనక వరసల్లో నవ్వు ఆగింది.

అప్పుడు చూసింది నాన్నని. ఆయన చేతులు కూడా ఒళ్లో కదులుతున్నాయి. ఆమె బొటనవేలు ఎటు తిరిగితే ఆయన బొటనవేలు అటు తిరుగుతోంది. మధ్యమధ్యలో మాస్టారి చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతున్నాడు. మాస్టారు తల ఊపుతూ శ్రద్ధగా వింటున్నారు, క్లాసులో కొత్తగా చేరిన పిల్లాడిలా.

చివరి వాక్యం అయిపోయింది. షామియానా అదిరిపోయేలా చప్పట్లు మోగాయి. జరీనా బెంచీ ఎక్కి ఈల వేసింది. వీర్రాజు మాత్రం చప్పట్లు కొట్టడం మర్చిపోయాడు.

సత్యవేణి మెట్లు దిగి వాళ్ల దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, మీ నాన్నగారికి ఇంగ్లీషు వచ్చని ఒక్కసారీ చెప్పలేదే?" అన్నారు మాస్టారు. "నువ్వు చదివిందంతా నాకు ముక్కముక్కా విడమరిచి చెప్పారు. ఇప్పుడు గాటు పెడుతోందండి, ఇప్పుడు కన్ను జార్చిందండి అంటూ."

వీర్రాజు సిగ్గుపడిపోయాడు. "అబ్బే, నాకు ఇంగ్లీషు రాదండి మేష్టారూ. పని వచ్చండి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడం అయిపోయినా తొందరగా పెట్టుకోలేదు.

"అయితే మీరే చెప్పాలి వీర్రాజు గారూ. అంటు పట్టినట్టేనా?"

"ఆయ్, పట్టకేం చేస్తాదండీ!" అన్నాడు వీర్రాజు, చుట్టూ ఉన్న నాలుగు వరసలకీ వినబడేలా. "కట్టింది మా అమ్మాయండీ!"

సత్యవేణి తన చేతుల వంక చూసుకుంది. చున్నీ గాలికి ఎగురుతోంది. చేతులు దాని కిందకి వెళ్లలేదు.