ఒక్కపూట యజమాని

పూర్వం ఓ సముద్రపు ఊళ్లో రంగపతిరాజుగారని ఒకాయన ఉండేవారులెండి. ఊరు చూడవచ్చినవాళ్లని తన మేడకి పిలిచి, గారెలు పెట్టి, "ఏడాదికో వారం ఈ మేడ మీది, కొనుక్కోండి" అని ఊదరగొట్టేవారు. ఊఁ అనేదాకా తలుపు తీయనిచ్చేవారు కాదు.

బుట్టలల్లే గంగులు, పెళ్లాం నూకాలు అలాగే చిక్కారు. మధ్యాహ్నం బండికి తిరుగుప్రయాణం. నూకాలు ఇంకా సముద్రమే చూడలేదు!

"కొనేముందు అనుభవించి చూడవయ్యా! ఈ పూటకి మేడ నీదే. ఒరే, ఈయన మాటే నా మాట!" అని రాజుగారు గంగులుకీ, నౌకర్లకీ చెప్పారు.

గంగులు లేచి కాపలావాడితో, "అయితే బాబూ, మా ఇంటి తలుపు తియ్యి. మేం సముద్రానికెళ్తున్నాం. ఈ పెద్దమనిషి పొద్దుట్నించీ మనింట్లో కూర్చుని ఏదో అంటగట్టబోతున్నాడు, ఆయన్నీ బయటికి పంపి తాళమెయ్యి" అన్నాడు.

నూకాలు అలల్లో కేరింతలు కొట్టింది. రాజుగారు ఆ పూటంతా తన మేడ బయటే, ఎండలో నిలబడ్డారట!