చీల పీకిన కంటకమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక సింహం రాజు, ఆ రాజుకు ఒక సరదా. ఏటా చుట్టుపక్కల బడుల పిల్లలందరినీ పిలిపించి, వాగు ఒడ్డున విజ్ఞాన ప్రదర్శన పెట్టించేవాడు.

బహుమతి ఎవరిదో తేల్చవలసింది కంటకమ్మ అనే ముసలి ముళ్ళపంది. ఆమెకు ప్రదర్శన అంటే ప్రాణం, పిల్లల వెంట వచ్చే తల్లిదండ్రులంటే తలనొప్పి. విసుగొస్తే వీపు మీది ముళ్ళు వాటంతట అవే లేచి నిలబడేవి. ప్రదర్శన మొదలైందంటే ఇక పడుకునేవి కావు.

ఎందుకంటారా? నిరుడు జరిగింది వినండి. గట్టు మీది బడికి వాగు నీళ్ళు ఎక్కించే యంత్రానికి మొదటి బహుమతి వచ్చింది. రాజు మురిసిపోయి దాన్ని అక్కడే బిగించాడు. నెల తిరక్కుండానే అది ఆగిపోయింది. బాగుచెయ్యమని గెలిచిన తోడేలు పిల్లను పిలిస్తే, "మా నాన్న ఊళ్ళో లేడు" అంది. పాపం, బడి పిల్లలు మళ్ళీ కుండలు మోస్తూ గట్టెక్కారు.

ఈ ఏడు రాజు తెగేసి చెప్పాడు. "మళ్ళీ నీళ్ళ యంత్రాలే పెట్టండి. ఈసారీ మూలపడితే ఇక ప్రదర్శనే ఉండదు."

మొదట నక్క పిల్ల వచ్చింది. దాని రాగి యంత్రం తళతళలాడుతోంది. పిల్ల చిలకపలుకులు అప్పజెబుతుంటే, వెనక తండ్రి నక్క పెదవులు కూడా అవే మాటలకు కదులుతున్నాయి. కంటకమ్మకు ఒళ్ళు మండింది. యంత్రంలోంచి ఒక చీల పీకి పిల్ల చేతిలో పెట్టింది.

"మళ్ళీ బిగించి నడిపించు నాయనా."

పిల్ల చీలను అటూ ఇటూ తిప్పి తండ్రి వంక చూసింది. నక్క పరుగెత్తుకొచ్చింది. "మా వాడు చిన్నవాడండీ. నేను బిగిస్తాను."

"నువ్వు ఏ తరగతయ్యా?" అంది కంటకమ్మ.

తరువాత కోతి పిల్ల, దాని గిలకల యంత్రం. ఇక్కడా కంటకమ్మ చీల పీకింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. "నిద్ర మానుకుని చేశానండీ, అలా పాడుచేస్తారేమిటి?" అని తల్లి కోతి విరుచుకుపడింది. ఇక ఏం చెప్పాలి? కంటకమ్మ తల పట్టుకుని ముందుకు కదిలింది.

చివర ఎలుగు పిల్ల. తీగలతో కట్టిన వెదురు చక్రం, చుట్టూ నీళ్ళు తీసుకుపోయే గొట్టాలు. సగం నీళ్ళు దారిలోనే కారిపోతున్నాయి. రాజుగారి మీసాలు తడిశాయి. కొలువంతా నవ్వింది.

కంటకమ్మ చీల పీకగానే అది చేయి జారి దొర్లిపోయింది. తల్లి ఎలుగు లేవబోయింది.

"అమ్మా, నువ్వు కూర్చో" అంది పిల్ల. తిన్నగా వెళ్ళి ఒక రాతి కింద చెయ్యి పెట్టి చీల తీసింది. "ఇది రోజూ ఊడుతుంది అవ్వా. ఎటు దొర్లుతుందో కూడా నాకు తెలుసు."

మొదట తప్పుగా బిగించింది. చక్రం కదల్లేదు. నాలుక కరుచుకుని, ఊడదీసి, మళ్ళీ బిగించింది. రాజు ఆవలించాడు. అంతలో చక్రం తిరిగింది, నీళ్ళు గట్టెక్కాయి.

"సగం కారిపోతున్నాయి కదా, ఆ రాగిదే నయం" అన్నాడు రాజు.

"కారడం ఈ పిల్ల ఆపగలదు మహారాజా. రాగిది ఆగిపోతే మాత్రం, నక్కగారు ఊళ్ళో ఉండాలి."

రాజు తడిసిన మీసాలు తుడుచుకున్నాడు. బహుమతి ఎలుగు పిల్లకు ఇచ్చాడు.

వెదురు చక్రం గట్టు దగ్గర ఎన్నోసార్లు చెడింది, అన్నిసార్లూ బాగుపడింది. కొన్నాళ్ళకు నక్క పిల్ల కూడా అక్కడ చేరింది. "చేతులకు బురదరా" అని తండ్రి అరుస్తున్నా వినకుండా, చీల ఎలా బిగించాలో నేర్చుకుంది. అది చూసిన రోజున కంటకమ్మ వీపు మీది ముళ్ళు చాలాకాలానికి నెమ్మదిగా పడుకున్నాయి.

నీతి: పిల్లలు చెయ్యవలసిన పని పెద్దలు చేసిపెడితే, ఇంటికి బహుమతి వస్తుంది గాని పిల్లలకు విద్య రాదు.