పందిచెలమకు ఆ పేరెలా వచ్చిందంటే

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. నవ్వకుండా వినండి పిల్లలూ! మన ఊరి పేరు పందిచెలమ అనగానే పళ్ళికిలించిన పొరుగూరివాళ్ళను నేనింకా మరిచిపోలేదు. మీరూ నవ్వారో, కథ ఆపేస్తా.

ఒక ఏడు వానల్లేవు. వాగు ఎండింది. జింకమ్మ పిల్ల నాలుక బయటపెట్టి ఇసుకలో పడిపోయింది.

"ఇసుక కింద నీళ్ళుంటాయి. ఎవరైనా చెలమ తవ్వండి! నా బిడ్డ బతకాలి!" అని ఏడ్చింది జింకమ్మ.

నెమలి కాళ్ళతో గీకింది. ఇసుక జారి గుంట పూడింది. నక్క తవ్వింది. పూడింది. ఎలుగుబంటి రొప్పుతూ రోజుతూ తవ్వింది. అదీ పూడింది!

అప్పుడు గట్టు మీద నుంచి అడవిపంది గుర్రుమంది.

"నిటారుగా తవ్వితే ఇసుక నిలుస్తుందా, మొద్దుల్లారా? వాలుగా తవ్వాలి. నేను తవ్వుతా. కానీ నిరుడు నన్ను 'బురదమూతి' అని మడుగు దగ్గర నుంచి తరిమారు. నాకు గుర్తుంది! అందుకే ఈ చెలమకు నా పేరే పెట్టాలి. సరేనా?"

"సరే తల్లీ, సరే!" అన్నాయి అన్నీ.

పంది మూతి ఆనించి వాసన పట్టింది. ఇక్కడ కాదు. అక్కడా కాదు. ఇదిగో, ఇక్కడ! బరబరా తవ్వింది. ఇసుక లేచింది, దుమ్ము లేచింది, ఊట లేచింది! నక్క మూతి పెట్టబోతే ఒక్క కసురు కసిరింది.

"ఆగరా! మొదటి నీళ్ళు బురద. బయటికి చిమ్మాలి."

చిమ్మేసరికి తేటనీళ్ళు! జింకపిల్ల తాగి, లేచి, గంతేసింది. అడవంతా ఒకటే కేకలు!

కడుపు నిండగానే నెమలికి సిగ్గేసింది. "పందిచెలమా? ఛీ, నలుగురిలో ఎలా చెప్పుకుంటాం? తామరచెలమ అందాం."

"అవునవును," అన్నాయి నక్కా, ఎలుగూ.

పంది తోక ఝాడించి కొండెక్కింది.

తెల్లారేసరికి చెలమ పూడింది. చెలమంటే అంతే, రోజూ తవ్వాలి. మూడూ కలిసి తవ్వాయి. ఊట ఎక్కడుందో వాసన పట్టడం వాటికి రాదాయె, చుక్క ఊరలేదు. ఇక అందరూ కొండ మీదికి పరుగో పరుగు!

"పందత్తా, ఒక్కసారి రా అత్తా!" అంది నక్క.

"నేనెందుకు? తామరను పిలుచుకోండి. అదొచ్చి తవ్వుతుంది," అంది పంది, అటు తిరిగి.

జింకపిల్ల గొంతు మళ్ళీ ఎండిపోయింది. అయినా ముందుకొచ్చి అరిచింది: "పెద్దమ్మా, నాకు పందిచెలమ నీళ్ళు కావాలి!"

పంది చెవులు నిక్కాయి. "ఆ మాట ఆ నెమలిని చెప్పమను."

నెమలి తల దించుకుని గొణిగింది.

"వినబడలా!"

"పందిచెలమ!" అని అరిచింది నెమలి, కొండ మారుమోగేలా.

పంది కొండ దిగింది చూడండీ, బండరాయి దొర్లినట్టు! మళ్ళీ తవ్వింది. మళ్ళీ నీళ్ళు!

కొన్నాళ్ళకు దాహంతో మనుషులు ఆ దారిన వచ్చారు. కడుపారా తాగి, "ఈ చోటు పేరేమిటి?" అని అడిగారు.

అందరికంటే ముందు పురి విప్పి కేకేసింది ఎవరనుకున్నారు? నెమలే! "పందిచెలమ!"

వాళ్ళు అక్కడే గుడిసెలేసుకున్నారు. గుడిసెలు ఊరయ్యాయి, ఊరు బస్తీ అయింది. పేరు మాత్రం ఎవ్వరూ మార్చలేదు. నేనుండగా మార్చనివ్వను.

నీతి: దాహం తీర్చినవారి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడితే, మళ్ళీ దాహమేసినప్పుడు వాళ్ళను పిలవడానికి మొహం చెల్లదు.