గొలుసుకి పెట్టిన బొట్టు

ఏదీ, చేతులు చూపించు. అబ్బో, గోళ్ళ సందుల్లో ఇంత నలుపా! సైకిలు చైను ఊడితే నువ్వే ఎక్కించుకున్నావా? సరే, దిండుకి రాయకుండా పడుకో. ఇవాళ రాజుల కథ వద్దు, ఈ నలుపు కథే చెప్తా. ఊ కొట్టాలి మరి. కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు మీద, ఒక పాత సైకిలు ఉండేది. ఆ సైకిలు ఒక పిల్లది. పిల్ల పేరు సత్యవేణి. పన్నెండేళ్ళది. చూడ్డానికి ఇంతే ఉండేది గానీ మహా మొండిది.

ఆ ఊళ్ళో బడి అయిదో క్లాసుతో సరి. ఆరు చదవాలంటే గట్టు వెంట నాలుగు మైళ్ళు వెళ్ళాలి. అందుకని వాళ్ళ నాన్న వీరభద్రం ఆ సైకిలు తెచ్చిచ్చాడు. సైకిలు మంచిదే. దాని చైనే పెంకిది. వంతెన ఎక్కేటప్పుడు టక్కున ఊడిపోయేది.

అలా ఒకసారి బడికి ఆలస్యమైంది. ఇంకోసారి కూడా అయింది. మూడోసారి మేష్టారు ఇంటికి కబురు పంపారు.

అప్పుడు వీరభద్రం కూతుర్ని పిలిచాడు. "అమ్మాయ్, దార్లో ఒక్కదానివే ఆగిపోతున్నావంటే నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, మొదటి గంట కొట్టేలోపు నువ్వు బళ్ళో ఉండాలి. లేకపోతే ఇంక చదువు మానెయ్!" అన్నాడు.

చెడ్డవాడు కాదులే పాపం. భయమేసింది ఆయనకి. భయమేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు అరుస్తారు.

ఆ తర్వాత సత్యవేణి సైకిలు షాపు మస్తాను తాత దగ్గరికెళ్ళింది. వెనకాలే తోకలాగా దాని చెల్లెలు బుల్లి. బుల్లికి ఏడేళ్ళు. తాత చైను చూసి, "గొలుసు ఎండిపోయి మట్టి పట్టిందమ్మా. శుభ్రంగా తుడిచి, ఒక్కో కీలుకి ఒక్కో బొట్టు పెట్టు. గుర్రంలా నడుస్తుంది" అన్నాడు. అని, షాపుకి తాళం వేసుకుని, సెలవులకి కూతురింటికి వెళ్ళిపోయాడు.

ఒక్కో కీలుకి ఒక్కో బొట్టు. సత్యవేణి గుర్తు పెట్టుకుంది. బుల్లి కూడా గుర్తు పెట్టుకుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

మర్నాడు ఆయుధపూజ. వీరభద్రం పారకి బొట్టు పెట్టాడు. కొడవలికి పెట్టాడు. వాళ్ళమ్మ కుట్టుమిషనుకి పెట్టింది. అప్పుడు బుల్లికి తాత మాట గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా సైకిలు దగ్గరికెళ్ళి, ముందు చైనంతా పసుపు పూసింది. ఆ తర్వాత ఒక్కో కీలుకి ఒక్కో కుంకుమ బొట్టు పెట్టింది. కుంకుమ నిలవట్లేదని గిన్నెడు ఆముదం తెచ్చి పోసేసింది.

నవ్వకు! అక్క గెలవాలనే చేసింది. తాత చెప్పింది నూనె బొట్టని దానికేం తెలుసు?

తెల్లారి దసరా. సత్యవేణి సైకిలు బయటికి తీసింది. పెడలు తొక్కితే కిర్రుమని ఆగిపోయింది. వంగి చూస్తే ఏముంది, పాత నలుపు, పసుపు, కుంకుమ, ఆముదం అన్నీ కలిసి చైను బంకముద్దైపోయింది. మర్నాడే బడి. షాపుకేమో తాళం. వీరభద్రం వచ్చి చూశాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండును!

బుల్లి ధాన్యం బస్తాల వెనక దూరి వెక్కి వెక్కి ఏడ్చింది. సత్యవేణి దాన్ని బయటికి లాగింది. కొడుతుందేమో అనుకుంది బుల్లి. కొట్టలేదు. "ఏడుపాపు. పెట్టిందానివి నువ్వే, తియ్యడానికీ నువ్వే రావాలి. పద" అంది.

అప్పుడు ఇద్దరూ సైకిలుని పెరట్లో తలకిందులుగా నిలబెట్టారు. కింద పాత సత్తు బొచ్చె పెట్టారు. ముందు కాగులోంచి వేడినీళ్ళు తెచ్చి పోశారు. నీళ్ళు జారి కింద పడ్డాయి గానీ బంక బంకలాగే ఉంది.

ఆ తర్వాత లాంతరు కోసం ఉంచిన కిరసనాయిలు తెచ్చారు. పొయ్యికి దూరంగా కూర్చుని, గుడ్డపీలిక తడిపి, ఒకళ్ళు పెడలు తిప్పుతుంటే ఒకళ్ళు తుడిచారు. ఎన్నాళ్ళదో నల్లజిడ్డు, బొటబొటా బొచ్చెలోకి దిగిపోయింది. ఇద్దరూ గంతులేశారు. తీరా చూస్తే ఆముదం, పసుపు మాత్రం కీళ్ళ సందుల్లో అలాగే ఉన్నాయి. ఆముదమంటే ఏమనుకున్నావు, అంత తేలిగ్గా వదుల్తుందా?

పొద్దు నడినెత్తికొచ్చింది. సత్యవేణి సైకిలు పక్కనే కూలబడింది. అంత మొండిదానికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే వాళ్ళమ్మ నూతి దగ్గర కూర్చుని, జమ్మి పూజకి వెళ్ళాలని మెళ్ళో బంగారు గొలుసు తీసి కడుక్కుంటోంది. కుంకుడుకాయలు నలక్కొట్టి, వేడినీళ్ళల్లో పిసికి, నురగ తీసి, పాత బ్రష్షుతో రుద్దుతోంది. గొలుసు ధగధగా మెరుస్తోంది. బుల్లి అది చూసింది. పరిగెత్తుకెళ్ళింది.

"అమ్మా, నీదీ గొలుసే, అక్కదీ గొలుసేగా?"

వాళ్ళమ్మ ఆగిపోయింది. తర్వాత పకపకా నవ్వి, "ఓసి నీ తెలివి బంగారం కానూ! నెత్తిన ఆముదం పెడితే కుంకుడురసంతోనేగా వదిలిస్తాం!" అని, గిన్నె గిన్నెంతా పట్టుకొచ్చింది.

ఇంకేముంది! ముగ్గురూ కూర్చున్నారు. అమ్మ నురగ పోసింది, అక్క బ్రష్షుతో రుద్దింది, చెల్లి కొబ్బరిపీచుతో తోమింది. మొదటి వాయికి ఎర్రనీళ్ళు దిగాయి. రెండో వాయికి పచ్చనీళ్ళు దిగాయి. మూడో వాయికి తేట నీళ్ళు! పొడిగుడ్డతో తుడిచి, తుప్పు పట్టకుండా మధ్యాహ్నమంతా ఎండలో ఆరబెట్టారు.

ఆ తర్వాత సత్యవేణి మిషను నూనె డబ్బా తెచ్చి బుల్లి చేతికిచ్చింది. "ఇదిగో, ఇప్పుడు పెట్టు బొట్టు" అంది. ఒక్కో కీలుకి ఒక్కటే చుక్క. పైన మిగిలిన నూనె తుడిచేశారు, మళ్ళీ మట్టి పట్టకుండా. పెడలు తిప్పితే చక్రం సర్రుమని తిరిగింది, చప్పుడే లేదు.

మర్నాడు పొద్దున్నే వీరభద్రం ముందే నడిచి వెళ్ళి, బడి గేటు దగ్గర నిలబడ్డాడు. సత్యవేణి సైకిలెక్కింది. గట్టు మీద గేదెల మంద అడ్డొచ్చింది. బెల్లు కొట్టి, సందు చూసుకుని దూరిపోయింది. ఆ తర్వాత బురదగుంట వచ్చింది. పక్కనించి తప్పించింది. ఆ తర్వాత వచ్చింది వంతెన.

ఆ వంతెన దగ్గరే కదా ఎప్పుడూ ఊడేది! సత్యవేణి లేచి నిలబడి తొక్కింది. సగం ఎక్కింది. చైను పట్టుకునే ఉంది. పైదాకా ఎక్కింది. పట్టుకునే ఉంది! అవతలికి దిగుతుంటే చూడాలి, జడలు రెండూ గాల్లోకి లేచాయిట, గట్టిగా కేక పెట్టిందిట.

బంట్రోతు గంట కొట్టడానికి అప్పుడే సుత్తి తీస్తున్నాడు. సత్యవేణి సైకిలు స్టాండేసింది. గంట కొట్టేసరికి లైన్లో మొదట తనే!

వీరభద్రం నెమ్మదిగా సైకిలు దగ్గరికొచ్చాడు. వంగి, చైను మీద వేలు పెట్టి రాశాడు. వేలు చూసుకున్నాడు. నలుపు లేదు. తర్వాత కండువాతో కళ్ళు తుడుచుకుని, అందరికీ వినబడేలా, "అమ్మాయ్! నీకెంతదాకా చదవాలనుంటే అంతదాకా చదువుకో!" అన్నాడు.

చదివింది. అంతా చదివింది. మన సత్యవేణి పెద్దమ్మమ్మ లేదూ, లెక్కల టీచరుగా చేసింది, ఆవిడే!

మరి బుల్లి ఏమైందంటావా? దానికీ అయిదో క్లాసు అయిపోయింది. అప్పుడు వీరభద్రం షరతులేం పెట్టలేదు. సైకిలు వెనక క్యారియరు మీద మెత్తగా గోనెపట్టా మడిచి కట్టాడు. ఆ క్యారియరు మీద కూర్చుని, అక్క నడుం గట్టిగా పట్టుకుని బుల్లి కూడా బడికెళ్ళింది.

ఏంటలా చూస్తావ్? అవును, ఆ తింగరి బుల్లిని నేనే. రేపు పొద్దున్న కుంకుళ్ళు నలక్కొడదాం. ముందు నీ చేతులకి, ఆ తర్వాత నీ గొలుసుకి.

మురికి పోయె నీటికి, మెరుపు వచ్చె గొలుసుకి,
అక్క వెళ్ళె బడికి, చెల్లి ఎక్కె వెనక్కి,
కథ వెళ్ళె కంచికి, కునుకు వచ్చె కంటికి!