ముత్యాలరేవు మైదానానికి గురువులు పేరు వచ్చిన వైనం

ముత్యాలరేవు గురువులు ఫుట్‌బాల్ మైదానానికి జిల్లా కేంద్రం బస్టాండు నుంచి గంటకో బస్సు ఉంది. రేవు మలుపులో దిగి, చేపలు ఎండబెట్టే దిబ్బ పక్కగా నడిస్తే గేటు కనిపిస్తుంది. పోటీల తొలిరోజు ఉదయం మాత్రం దానికి తాళం ఉంటుంది. దయచేసి కోపగించుకోకండి. గురువులు అన్నది ఒక మనిషి పేరు; అతను మా ఊరివాడు కాడు. మేము అన్యాయం చేసినవాడు.

పూర్వం ఇక్కడ సరుగుడు కర్రలే గోల్‌పోస్టులు. వాటికి కట్టే వలలు మా ఆడవాళ్ళు అల్లినవే. ముప్పై ఏళ్ళ కిందట బొడ్డవలస జట్టుతో ఫైనల్ ఆడుతుండగా మా మైలపల్లి దాసయ్య కొట్టిన బంతి కర్రకు బయటినుంచి పోయి, పక్క వలకున్న చిల్లులోంచి లోపల పడింది. రిఫరీ గోల్ అన్నాడు. అది గోల్ కాదని వాళ్ళ గోల్‌కీపర్ గురువులు మొత్తుకున్నాడు. ఆ మూల జెండా పట్టుకుని అంతా చూసిన లైన్స్‌మన్‌ని నేనే. జెండా ఎత్తలేదు.

ఆట అయ్యాక వల చుడుతున్న మా ఊరి నీలమ్మకు చిల్లు కనిపించింది. "ఇందులోంచి కాదేటి ఎల్లింది? సెప్పండర్రా!" అంది. వలల ఊరివాళ్ళం, చిల్లు చూసుకోలేదన్న మాట పడలేక ఆమె నోరు మూయించాం. అక్కడ బొడ్డవలసలో, గురువులు మాకు అమ్ముడుపోయి గోల్ వదిలేశాడన్నారు. మళ్ళీ అతణ్ణి ఆడనివ్వలేదు.

ఆ తర్వాత ఏడో ఏట గంగమ్మ తల్లి కలలో చిరిగిన వల చూపించిందని దాసయ్య మమ్మల్నందరినీ లేవదీసి బొడ్డవలస తీసుకెళ్ళాడు. నాకు ఏ కలా రాలేదు. వచ్చినా కదిలేవాణ్ణి కానేమో.

గురువులు సైకిలు షాపులో పంక్చరు వేస్తున్నాడు. దాసయ్య అతని కాళ్ళు పట్టుకోబోయాడు.

"నాకెందుకు సెప్తన్నారు బాబూ? బంతి ఎటెల్లిందో నాకు తెలదేటి? మా ఊరోలకి సెప్పండి" అన్నాడు గురువులు.

ఆ రోజు బొడ్డవలస సంతలో నిలబడి దాసయ్య నిజం చెప్పాడు. ఆ ఏడే మైదానానికి గురువులు పేరు పెట్టాం.

నేటికీ తొలిరోజు ఉదయం జట్టంతా ఆ సంతకు వెళ్ళి, "అది గోల్ కాదు, గురువులు తప్పు లేదు" అని చెప్పి వచ్చాకే గేటు తీస్తారు. ఈ ఆచారం పాటించిన సంవత్సరం ఎవరికీ దెబ్బలు తగలకుండా ఆట సాగుతుందని మావాళ్ళ నమ్మకం. నేనూ ఏటా వెళ్తాను. దాసయ్య మైకు నా చేతికిస్తాడు. గురువులు షాపు గుమ్మంలోంచి చూస్తూ ఉంటాడు. "నేను చూశాను" అన్న రెండు మాటలు మాత్రం వదిలేసి, అందరూ చెప్పేదే చెప్పి ఏటా మైకు తిరిగిచ్చేస్తాను.