కడపటి ముద్ద

నాగలింగయ్యస్వామిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. అందుకే ఆయన మఠానికి వచ్చేవాళ్లలో తెలివైనవాళ్లు దణ్ణం పెట్టి, ప్రసాదం తిని, నోరు మెదపకుండా పోతారు. మగ్గం నేసే ఓబులేసుకు ఆ తెలివి లేదు.

ఆరు నెలల కిందట అతని భార్య పోయింది. ఇంట్లో మిగిలింది అతనూ, నాలుగేళ్ల కూతురు రంగమ్మా. తెగిన పోగును ఎంతసేపైనా విసుక్కోకుండా అతికే మనిషి, పిల్లకు నాలుగు ముద్దలు పెట్టేసరికి అగ్గిమీద గుగ్గిలమవుతున్నాడు. అన్నమంతా తింటుంది, కడపటి ముద్ద దగ్గర మాత్రం నోరు బిగిస్తుంది. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే.

"నిన్న చేయి చేసుకున్నా సామీ. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండు. నాకు ఓర్పు ఎట్లొస్తాది?" అని అడిగాడు.

రేపు భోజనం వేళకు పిల్లను తీసుకురమ్మన్నాడు స్వామి.

మర్నాడు ఆయనే పెరుగన్నం కలిపి, రంగమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మన ఇళ్లలో తల్లులు చేసినట్టే ముద్దకో పేరు పెట్టాడు. ఇది తాతముద్ద, ఇది కాకిముద్ద, ఇది నాన్నముద్ద. పేర్లు వినగానే పిల్ల ముఖం విప్పారింది. ఓబులేసు తల వంచుకున్నాడు. భార్య పోయిన కొత్తల్లోనే అతను పేర్లు చెప్పడం మానేశాడు.

కడపటి ముద్ద వచ్చింది. రంగమ్మ నోరు బిగించింది. తండ్రి కసరబోతే స్వామి చూపుతోనే ఆపి, ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బంతిలోవాళ్లు తిని లేచారు, విస్తళ్లు ఎత్తేశారు, ఆయన వేళ్లమీద మెతుకులు ఎండిపోయాయి. ఆయన ఎందుకని అడగలేదు, తొందరపెట్టలేదు. చాలాసేపటికి పిల్లే లేచి ఆయన చెవి దగ్గరికి వంగింది. గుసగుసే అనుకుంది గాని, తండ్రికీ వినపడింది.

"అది అమ్మముద్ద. తింటే నాన్న ఏడుస్తాడు."

కర్మకాండ ముగిసిన మర్నాడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాళ్లమ్మ పెట్టినట్టే కడపటి ముద్దకు ఆ పేరు చెప్పి పెట్టి, ఓబులేసు కంచం ముందే భోరుమన్నాడు. ఆ సంగతి అతను మరిచిపోయాడు. పిల్ల మరవలేదు. ఆరు నెలలుగా ఒకే కంచం దగ్గర కూర్చుని, ఒకే మనిషి కోసం, ఇద్దరూ ఎవరికి వారే కుమిలిపోయారు.

స్వామి ఆ ముద్దను ఓబులేసు చేతిలో పెట్టాడు.

"పేరు చెప్పి పెట్టు. ఏడుపొస్తే ఏడువు. పిల్ల ఓర్చుకుంటాదిలే."